ఆదివారం ఇంటి రిపోర్టు

నాకు కుదురు తక్కువ. ఈ పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్ళో ఒక మందుల షాపులో పని, రోజంతా నిలబడే ఉంటాను. ఇంటికొచ్చాకైనా కూర్చుంటానా అంటే అదీ లేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ తుడుస్తాను, సర్దిన అరలే మళ్ళీ సర్దుతాను. మా ఆయన నన్ను కాలుగాలిన పిల్లి అంటాడు. ఇన్వర్‌కార్గిల్‌లో ఇద్దరం చదువుకునే రోజుల నుంచీ నాకు అదే పేరు. ఈ దేశం దక్షిణపు కొసన ఉన్న ఆ ఊరి చలికి ఫ్లాట్‌లో అందరూ హీటర్ ముందు ముడుచుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే అటూ ఇటూ తిరుగుతూ ఉండేదాన్నట.

అలాంటి నేను కొన్ని నెలలపాటు ఆదివారం పొద్దున ప్లాస్టిక్ కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాను. మా అమ్మాయి తెలుగు క్లాసు కోసం.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ మేముండే టకానినిలోనే. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నేను గుక్క తిప్పుకోకుండా తిడితే అంతా విని, "ఓకే మమ్" అంటుంది. ఆ ఒక్క ముక్కతో నా తిట్టంతా నీరుగారిపోతుంది. తిట్టించుకునేవాళ్ళు కూడా అదే భాషలో ఎదురు చెబితేనే తిట్టడంలో తృప్తి ఉంటుంది. ఆ సుఖం లేకపోయిందని నాకు మహా బాధగా ఉండేది.

పైగా ఇక్కడి బడి మీద నాకు గురి లేదు. పిల్లలు తివాచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. టీచర్‌ని పేరు పెట్టి పిలుస్తారు. ఏది అడిగినా ఆవిడ "నువ్వేమనుకుంటున్నావు?" అని తిరిగి వాళ్ళనే అడుగుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఏమనుకుంటుంది, నా మొహం! చెప్పాల్సింది చెప్పకుండా వాళ్ళనే అడిగితే ఇక చదువెప్పుడు వస్తుందని మా ఆయన దగ్గర విసుక్కునేదాన్ని. అందుకే పాపకూరలో తెలుగు క్లాసు మొదలైందని తెలియగానే మొదట చేర్పించిన వాళ్ళలో నేనొకదాన్ని.

క్లాసు ఒక కమ్యూనిటీ హాల్లో. మాస్టారు మన దగ్గర ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన. మెత్తటి మనిషి. గొంతు పెంచడు. జేబులో పల్లీ చిక్కీ పెట్టుకొచ్చి పద్యం అప్పజెప్పిన పిల్లలకి విరిచి పెడతాడు. మొదటి వారమే ఆయన ఒక తెల్లబోర్డు నిలబెట్టి, ఒక పిల్లాణ్ణి లీడర్‌ని చేసి, మార్కర్ చేతికిచ్చాడు. ఇంగ్లీషు మాట్లాడిన వాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి, మళ్ళీ మాట్లాడితే పక్కన ఇంటూ మార్కు పెట్టాలి.

మన దగ్గర చదువుకున్న వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. టీచర్ అలా బయటికి వెళ్ళగానే లీడర్ సుద్దముక్క పట్టుకుని నిలబడేది, గుసగుసలాడిన వాళ్ళ పేర్లు బోర్డెక్కేవి. నా పేరు ఎప్పుడూ ఉండేది. ఇంటూలు బోర్డు అంచు దాకా పోయేవి. అరచేతులు ఎర్రబడిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చినా నాకు నవ్వే వస్తుంది. అందుకే ఆ రోజు తల్లిదండ్రులందరం వెనక కూర్చుని ఆ బోర్డు చూసి మురిసిపోయాం. ఫోటోలు తీసుకున్నాం. అచ్చం మన స్కూలే అనుకున్నాం.

తర్వాత మాస్టారికి ఇంకో ఆలోచన వచ్చింది. "వారానికి ఓ గంటన్నర తెలుగు, మిగతా వారమంతా ఇంట్లో ఇంగ్లీషు అయితే లాభమేంటండీ? తప్పు పిల్లలది కాదు, మనది. పిల్లల్నే మనకి కాపలా పెడదాం" అన్నాడు. దానికి ఇంటి రిపోర్టు అని పేరు పెట్టాడు. క్లాసు చివర ఒక్కో పిల్ల లేచి, ఆ వారం ఇంట్లో అమ్మా నాన్నా ఏ ఏ ఇంగ్లీషు మాటలు వాడారో చెప్పాలి. బస్సు, ఫ్రిజ్జు, కారు లెక్కలోకి రావు. దొరికిపోయిన అమ్మో నాన్నో ముందుకొచ్చి చెవులు పట్టుకుని గుంజీలు తీయాలి. పిల్లలు లెక్కపెడతారు.

నవ్వలేక చచ్చాం. పొట్టలేసుకుని గుంజీలు తీస్తున్న మగవాళ్ళని చూసి పిల్లలు దొర్లి దొర్లి నవ్వేవారు. మా ఆయన మొదటిసారి తీసినప్పుడు నేను వీడియో తీసి మా చెల్లికి పంపించాను. పిల్లలు ఇష్టంగా క్లాసుకి రావడం మొదలుపెట్టారు, తెలుగు కూడా గబగబా పట్టుబడింది. అది అబద్ధం కాదు. మా అమ్మాయి చెవి చురుకు, జ్ఞాపకం ఇంకా చురుకు. కాగితం ముక్క లేకుండా వారం మాటలన్నీ వరసగా చెప్పేది. మాస్టారు మెచ్చుకుని తననే లీడర్‌ని చేసి, గుండె మీద బ్యాడ్జీ పెట్టాడు. ఆ బ్యాడ్జీని అది ఇంట్లో కూడా తీసేది కాదు.

నెమ్మదిగా ఇంట్లో ఏదో మారింది. ఏమిటో చెప్పలేను. ఫోన్లో చెల్లితో మాట్లాడుతూ వెనక్కి తిరిగితే అది నిలబడి ఉండేది, పెదవులు కదుపుతూ. మాటలు బట్టీ పడుతోందన్నమాట. నేను నోట్లో మాట ఆపేసుకునేదాన్ని. తాలింపు పెడుతూ కూడా ఏ మాట వాడాలా అని వెతుక్కునేదాన్ని. నా ఇంట్లో నేను నా ఇష్టమొచ్చినట్టు వాగలేకపోవడం ఏమిటని ఒళ్ళు మండేది. మరుక్షణం, పిల్ల తెలుగు నేర్చుకుంటుంటే నీకెందుకు కడుపుమంట అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. గిన్నెలు తుడిచే పని ఎక్కువైంది.

మా పక్కింటావిడది అల్బేనియా. దంతవైద్యుడి దగ్గర చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. జామకాయల్లా ఉండే ఫీజోవా పళ్ళ కాలం వస్తే తట్టనిండా తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోతుంది. ఆ రోజు కూడా తెచ్చింది. టీ ఇచ్చి, కబుర్లలో పడి, గుంజీల వీడియో చూపించాను. నేను నవ్వుతున్నాను. ఆవిడ నవ్వలేదు. "ఇంట్లో ఏం మాట్లాడారని టీచర్ పిల్లల్ని అడుగుతాడా?" అంది. ఆట కోసం అన్నాను. ఆవిడ వీడియోని మళ్ళీ మొదటి నుంచి చూసింది. మా ఆయన్ని కాదు, బ్యాడ్జీ పెట్టుకుని లెక్కపెడుతున్న మా అమ్మాయిని చూసింది.

ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలన్నీ కలిపి నా తెలుగులో చెబుతున్నాను.

"నా చిన్నప్పుడు మా దేశంలో దేవుడు లేడని చట్టం ఉండేది. చర్చిలు, మసీదులు మూసేశారు. పండగ చేసుకోవడం నేరం. మా టీచరంటే నాకు ప్రాణం. ఒక సోమవారం ఆవిడ, నిన్న మీ ఇంట్లో భోజనాల బల్ల ఎలా ఉందో బొమ్మ వేయండి, బాగున్నది గోడకి పెడతాను అంది. నాకు బొమ్మలంటే పిచ్చి. బల్ల వేశాను, అమ్మని వేశాను, గిన్నెలో గుడ్లు వేసి ఎర్ర రంగు దిద్దాను. ఈస్టర్‌కి మావాళ్ళు గుడ్లకి ఎర్ర రంగు వేస్తారు. మా ఇంట్లో కిటికీలు మూసుకుని చేసేవాళ్ళు. నా బొమ్మ గోడకెక్కింది. క్లాసంతా చప్పట్లు కొట్టారు. మా నాన్నని గనుల్లోకి పంపేశారు."

"నిన్ను భయపెట్టి వేయించారా?" అన్నాను.

"భయమా? నాకెంత సంతోషంగా ఉండిందో! అదే ఎవరికీ అర్థం కాదు. పిల్లల్ని భయపెట్టక్కర్లేదు. ముందుకి పిలిచి నిలబెడితే చాలు."

తర్వాత ఏమైందని అడిగాను. నాన్న కొన్నాళ్ళకి తిరిగి వచ్చాడట. కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. భోజనానికి కూర్చుని ఆవిడ వైపు చూసి నవ్వి, మన నాయకుడి దయవల్ల ఈ ఏడు గోధుమలు బాగా పండాయి అనేవాడట. ఆవిడ పెద్దదయింది, పెళ్ళయింది, ఆ ప్రభుత్వమే పోయింది. అయినా చనిపోయేదాకా కూతురితో అలాగే మాట్లాడాడట. "మా నాన్న నిజంగా ఏమనుకునేవాడో నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు" అని టీ కప్పు తనే తీసుకెళ్ళి సింకులో కడిగేసి వెళ్ళిపోయింది.

నాకు చర్రున కోపం వచ్చింది. వాళ్ళ దేశమెక్కడ, మా తెలుగు క్లాసెక్కడ? మాకు సర్కారూ లేదు, జైలూ లేదు. చిక్కీ పంచిపెట్టే ముసలాయన్ని పట్టుకుని ఏం మాటలవి! ఆవిడ వెళ్ళాక ఫీజోవాలన్నీ బల్ల మీద పోసి, పండినవీ పండనివీ వేరు చేశాను. మళ్ళీ కలిపేసి మళ్ళీ వేరు చేశాను. సాయంత్రం మా ఆయనకి చెబితే, "ఆవిడ కష్టాలు ఆవిడవి, నువ్వెందుకు నెత్తినేసుకుంటావ్?" అన్నాడు.

అదే వారం భోజనాల దగ్గర మా ఆయన గుండెల్లో ఉన్నదంతా కక్కాడు. తను ఒక పెద్ద గోడౌన్‌లో పనిచేస్తాడు. పైనున్న టీమ్ లీడర్ తెలుగువాడే. మాకంటే ముందొచ్చాడు, ఆ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఆ గర్వం కొద్దీ నలుగురిలో మా ఆయన్ని తీసిపారేసినట్టు మాట్లాడతాడు. "ఇక నావల్ల కాదు. రిజైన్ చేసేస్తా. బ్రిస్బేన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చాను, బాగానే జరిగింది. ఈ యూజ్‌లెస్ టీమ్ లీడర్ మొహం చూసే ఖర్మ తప్పుతుంది" అన్నాడు. నాకు అప్పుడే తెలిసింది ఇంటర్వ్యూ సంగతి. సంతోషంతో పెరుగు గిన్నె ఒలకబోశాను. అమ్మాయి పప్పన్నం తింటూ కూర్చుంది. పెదవులు కదిలాయేమో నేను చూడలేదు.

ఆదివారం టీమ్ లీడర్ కూడా హాల్లో ఉన్నాడు. వాళ్ళబ్బాయిదీ అదే క్లాసు. సాధారణంగా భార్య తీసుకొస్తుంది, ఆ వారం తనే వచ్చాడు. మా అమ్మాయి వంతు వచ్చింది. బ్యాడ్జీ సరిచేసుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మ ఏమీ అనలేదు. నాన్న అన్నాడు. రిజైన్ అన్నాడు. ఇంటర్వ్యూ అన్నాడు. యూజ్‌లెస్ టీమ్ లీడర్ అన్నాడు. బ్రిస్బేన్ అన్నాడు." మళ్ళీ తనే, "మాస్టారూ, ఊరి పేరు ఇంగ్లీషేనా?" అని అడిగింది.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. మాస్టారికి మా ఆయన ఎక్కడ పనిచేస్తాడో, ఎవరి కింద పనిచేస్తాడో తెలీదు. "ఊరి పేరు లెక్కలోకి రాదమ్మా. మిగతావన్నీ వస్తాయి. భేష్! ఏం జ్ఞాపకం, ఏం జ్ఞాపకం! ఏవయ్యా, రా ముందుకి" అన్నాడు.

మా ఆయన ముందుకి వెళ్ళకపోతే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వెళ్ళకపోతే మాత్రం ఏం మిగిలేది? మా ఆయన లేచి వెళ్ళాడు. చెవులు పట్టుకున్నాడు. గుంజీలు తీశాడు. పిల్లలు అరుస్తూ లెక్కపెట్టారు. మా అమ్మాయి గొంతు అందరికంటే పైన వినిపించింది. టీమ్ లీడర్ నవ్వుతూ, లెక్కకి తగ్గట్టు చప్పట్లు కొట్టాడు. నాకు కుర్చీలోంచి లేచి ఆ చప్పట్లు ఆపించాలనిపించింది. లేవాల్సిన ఆ ఒక్కసారి నేను కదలకుండా కూర్చున్నాను.

కారెక్కాక అమ్మాయి వెనక సీట్లోంచి, "నేను బాగా చెప్పానా నాన్నా?" అంది.

"చాలా బాగా చెప్పావు తల్లీ" అన్నాడు మా ఆయన. అద్దంలో దాని వైపు చూసి నవ్వాడు కూడా.

ఆ వారంలోనే మా ఆయన్ని రాత్రి షిఫ్టుకి మార్చారు. అడిగితే రోస్టర్ అలా వచ్చిందన్నారు. కావచ్చు. రోస్టర్లు మారుతూనే ఉంటాయి. దీనికీ దానికీ ముడిపెట్టడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు, పెట్టకుండా ఉండే గుణమూ లేదు. షాపులో ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయి ఆఖరి క్షణంలో ఆగాను. ఇంట్లో నిలబడలేక సాయంత్రాలు రైలు పట్టాల పక్క దారిలో స్టేషన్ దాకా నడిచి వెనక్కి వచ్చేదాన్ని.

దానికంటే ఎక్కువగా నన్ను కుదురుగా ఉండనివ్వనిది మా ఆయన మాట తీరు. భోజనాల దగ్గర అమ్మాయి కూర్చోగానే గొంతు మారిపోయేది. "వంకాయ కూర చాలా రుచిగా ఉంది. మీ మాస్టారు చాలా మంచివారు. పని దగ్గర అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు." ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు, ఒక్క నిజం లేదు. వేడన్నం ముందు కూర్చున్న నాకు పక్కింటావిడ చెప్పిన గోధుమలు గుర్తొచ్చాయి. మాట్లాడాల్సినవన్నీ గరాజ్‌లోనో, షాపింగ్‌కి వెళ్ళే దారిలో కార్లోనో మాట్లాడుకునేవాళ్ళం. పక్కింటావిడ ఇంట్లో ఈ గొంతు రావడానికి గనులు, జైళ్ళు ఉన్న దేశం కావాల్సి వచ్చింది. మాకు ఓ తెల్లబోర్డు, ఓ బ్యాడ్జీ సరిపోయాయి.

మాస్టారి ఇంటికి వెళ్ళాను. సంగతి చెబితే ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యో, సరదాకి పెట్టిందమ్మా. పిల్లలకి ఉత్సాహం రావాలని. నేను ముప్పై ఏళ్ళు ఇలాగే చెప్పాను. మా పిల్లలు ఎంతెంత పెద్దవాళ్ళయ్యారో!"

"పెద్దవాళ్ళయ్యారు మాస్టారూ, కాదనను. ఇంట్లో మాటలు బడికెందుకండీ?"

"ఇల్లూ బడీ ఒకటే కావాలి కదమ్మా. అప్పుడే కదా చదువు వంటబట్టేది" అన్నాడాయన. నిజంగా అర్థం కాక అన్నాడు. నేను అరవడానికి సిద్ధపడి వెళ్ళాను గానీ ఆ కళ్ళలో కల్మషం కనబడకపోయేసరికి ఆ ఆట ఆపేయమని మాత్రం అడిగాను. ఆయన మీద కోపం కూడా పూర్తిగా రానందుకు నాకు ఇంకా చిరాకేసింది. ఇక నుంచి ఇంటి రిపోర్టు ఆపేస్తానని మాటిచ్చాడు. ఆపేశాడు కూడా. పిల్లలు గోల చేశారట, మళ్ళీ పెట్టమని.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. టీమ్ లీడర్ వాళ్ళబ్బాయిదీ మా అమ్మాయిదీ మామూలు బడి కూడా ఒకటే. నీవల్లే మీ నాన్నకి ఇలా అయిందని వాడేదో అన్నాడట. ఒకరోజు మా అమ్మాయి బ్యాడ్జీ తీసి చెత్తబుట్టలో వేసింది. "నీ తప్పేం లేదమ్మా, తప్పంతా పెద్దవాళ్ళది" అని ఎన్ని విధాల చెప్పినా తల ఊపి తన గదిలోకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి కొత్త అలవాటొకటి చేసుకుంది. మా వంటగదికి తలుపు లేదు, హాలూ అదీ కలిసే ఉంటాయి. మేమిద్దరం అక్కడుంటే అది గోడ దగ్గరే ఆగిపోయి, రెండుసార్లు దగ్గి, మేము అటు తిరిగాక లోపలికి వచ్చేది. మొదట జలుబేమో అని మందు కూడా పట్టించాను.

మొన్న శనివారం మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. మా ఆయన రాత్రి షిఫ్టు చేసొచ్చి అప్పుడే నిద్రలేచాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫోన్ చూసి పక్కన బోర్లా పెట్టాడు. ఏదో వచ్చిందని మొహంలో తెలిసిపోయింది. "ఏమైంది?" అన్నాను. తలతో గరాజ్ వైపు సైగ చేశాడు.

నాకు ఇక చాలనిపించింది. "ఎక్కడికీ రాను. ఇక్కడే చెప్పు. దాని ముందే చెప్పు. అది మన పిల్ల, పోలీసు కాదు" అన్నాను. గొంతు పెద్దగానే లేచింది.

మా అమ్మాయి చెంచా కింద పెట్టింది. "నేను చెవులు మూసుకుంటాను నాన్నా. మీరు మాట్లాడుకోండి" అని రెండు అరచేతులూ చెవుల మీద పెట్టుకుని, కళ్ళు కూడా గట్టిగా మూసుకుంది.

మా ఆయన నా వైపు చూశాడు, దాని వైపు చూశాడు. ఆ దొంగ గొంతు రాలేదు, తన అసలు గొంతే వచ్చింది. "బ్రిస్బేన్ వాళ్ళు వద్దన్నారు. జాబ్ రాలేదు. ఇంక ఇక్కడే పడి ఉండాలి. నాకు చాలా కష్టంగా ఉంది" అన్నాడు.

నేను లేచి వెళ్ళి అమ్మాయి చేతులు తీయబోయాను. తీయనివ్వలేదు. మూసిన కళ్ళ కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన కుర్చీ దగ్గరికి జరిపి, మామూలుగా, మెల్లగా అడిగాడు. "విన్నావా తల్లీ?"

"లేదు నాన్నా" అంది. "నాకేం వినపడలేదు."